ఒకదానికొకటి పోలిన సంకేత ప్రోటీన్ల జన్యువులను క్రోమోజోములపై గుర్తించే విధానం: స్టాట్ కుటుంబం ఉదాహరణగా

ఒక జన్యువు ఏ క్రోమోజోముపై, ఏ బ్యాండులో (రంగు వేస్తే క్రోమోజోముపై కనిపించే అడ్డపట్టీలో) ఉందో తేల్చడం ఒక పని. పోలికలు బాగా కలిసిన ఏడు జన్యువుల్లో ప్రతిదాని చోటునూ విడివిడిగా తేల్చడం పూర్తిగా వేరే పని. మొదటిదానిలో సిగ్నల్ వస్తే సగం పని అయిపోయినట్టే. రెండోదానిలో మాత్రం, వచ్చిన సిగ్నల్ మనం వెతుకుతున్న జన్యువుదా లేక దాని తోబుట్టువుదా అన్నది తేలేదాకా ఏ ఫలితాన్నీ నమ్మకూడదు. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు మానవ జన్యుశాస్త్ర విభాగంలోనూ, విశాఖపట్నంలోని ఇతర ప్రయోగశాలల్లోనూ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఇటువంటి పనిని చేపట్టే విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ఉదాహరణకు స్టాట్ కుటుంబాన్ని తీసుకుందాం. కణం వెలుపలి నుంచి సైటోకైన్ వచ్చి గ్రాహకాన్ని తాకినప్పుడు, గ్రాహకానికి అంటిపెట్టుకుని ఉన్న జాక్ ఎంజైములు స్టాట్ ప్రోటీన్‌లోని ఒక టైరోసిన్‌కు ఫాస్ఫేట్‌ను తగిలిస్తాయి. అలా ఫాస్ఫేట్ తగిలిన రెండు స్టాట్‌లు ఎస్‌హెచ్2 అనే భాగంతో ఒకదాన్నొకటి పట్టుకుని, జంటగా కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను మేల్కొలుపుతాయి. మనుషుల్లో ఇవి ఏడు: స్టాట్1, స్టాట్2, స్టాట్3, స్టాట్4, స్టాట్5ఏ, స్టాట్5బీ, స్టాట్6. ఏడూ మూడే చోట్ల గుమిగూడి ఉన్నాయి. స్టాట్1, స్టాట్4 రెండో క్రోమోజోము పొడవు భుజంపై 2క్యూ32 వద్ద (2 క్రోమోజోము సంఖ్య, క్యూ అంటే పొడవు భుజం, పీ అంటే పొట్టి భుజం, 32 బ్యాండు సంఖ్య), స్టాట్2, స్టాట్6 పన్నెండో క్రోమోజోముపై 12క్యూ13 వద్ద, మిగిలిన మూడూ పదిహేడో క్రోమోజోముపై 17క్యూ21 వద్ద ఉన్నాయి. జవాబు ముందే తెలిసిన కుటుంబాన్ని ఎంచుకోవడం శిక్షణకు మంచిది. తప్పు ఎక్కడ దొర్లిందో తొందరగా బయటపడుతుంది.

జీనోము అంతా చదివేశాక ఈ పని దేనికని విద్యార్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. రిఫరెన్సు జీనోములో ఒక జన్యువు ఎక్కడుందో కంప్యూటరు క్షణంలో చెబుతుంది. కానీ ఒక రోగి కణాల్లో ఆ జన్యువు తన చోటనే ఉందా, రెండింతలైందా, మరో క్రోమోజోముకు చేరిందా అన్నది ఆ రోగి క్రోమోజోములను చూస్తేనే తెలుస్తుంది. పైగా జన్యువు చోటు తెలిసి ఉండటం వ్యాధి కారణాన్ని దొరకబుచ్చుకోవడానికి ఎంత ఉపయోగపడుతుందో 1994లో జరిగిన పరిశోధన చూపించింది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే గ్రాహక జన్యువు 4పీ16.3 వద్ద ఉందని అంతకుముందే తెలుసు. హంటింగ్టన్ వ్యాధి జన్యువు కోసం ఆ ప్రాంతాన్ని జల్లెడ పడుతున్నప్పుడు అది బయటపడింది. పొట్టితనానికి దారితీసే అకాండ్రోప్లేసియా కూడా 4పీ16.3కే ముడిపడిందని 1994లో కుటుంబ పరిశీలనల వల్ల తేలగానే, పరిశోధకులు నేరుగా ఆ జన్యువును చదివారు. అదే ఏడాది అందులో మార్పు దొరికింది. అదే కుటుంబానికి చెందిన మిగిలిన మూడు జన్యువులు ఎనిమిది, పది, ఐదు క్రోమోజోములపై ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాని చోటును ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 చోటుగా పొరబడి ఉన్నా ఆ దారి మూసుకుపోయేది.

కుటుంబ సభ్యులను పోగుచేయడం

ముందుగా ఎన్‌సీబీఐ నుంచి ఏడు ప్రోటీన్ల, ఏడు ఎంఆర్‌ఎన్‌ఏల వరుసలను తెచ్చుకోవాలి. జన్యువు పేరును హ్యూగో జన్యు నామకరణ సంఘం ఆమోదించిన రూపంలోనే రాసుకోవాలి. పాత వ్యాసాలు చదివేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. స్టాట్3ను ఏపీఆర్‌ఎఫ్ అనీ, స్టాట్5ను ఎంజీఎఫ్ అనీ రాసిన రోజులున్నాయి. మరో సంకేత ప్రోటీన్ల కుటుంబమైన రాస్‌లో నేటి కేరాస్ జన్యువు పాత పట్టికల్లో కేరాస్2గా కనిపిస్తుంది. కేరాస్1 అని అప్పట్లో పిలిచింది ఆరో క్రోమోజోముపై ఉన్న, పనిచేయని సూడోజీన్.

తెలియని సభ్యులు ఉన్నారేమో చూడటానికి ప్రోటీన్ వరుసతో, బ్లాస్ట్‌లో ఒక రకమైన టీబ్లాస్ట్ఎన్ వెతుకులాట చేయాలి. అది జీనోమును ఆరు చదువు చట్రాల్లోనూ ప్రోటీన్‌గా తర్జుమా చేసి పోలుస్తుంది కనుక దూరపు చుట్టాలు కూడా దొరుకుతారు. అయితే ఎస్‌హెచ్2 భాగాన్ని ఒక్కదాన్నే ఇచ్చి వెతకవద్దు. మానవ జీనోములో వందకు పైగా ప్రోటీన్లలో అది ఉంది, వాటిలో ఎక్కువ భాగానికి స్టాట్‌లతో ఆ ఒక్క పోలిక తప్ప వేరే సంబంధం లేదు. స్టాట్‌లకే ప్రత్యేకమైన డీఎన్‌ఏను పట్టుకునే భాగాన్ని, దాని ముందుండే కాయిల్డ్ కాయిల్ భాగాన్ని కలిపి ఇస్తే జాబితా శుభ్రంగా వస్తుంది.

కంప్యూటరుపై చోటు చూడటం

సభ్యుల జాబితా తేలాక, ప్రతి ఎంఆర్‌ఎన్‌ఏ వరుసనూ యూసీఎస్‌సీ జీనోము బ్రౌజరులోని బ్లాట్‌కు ఇవ్వాలి. బ్లాట్ దాదాపు 95 శాతం పైబడి పోలిన డీఎన్‌ఏ ముక్కలను పట్టుకునేందుకు తయారైంది. కనుక అసలు జన్యువును కచ్చితంగా చూపిస్తుంది, దూరపు చుట్టాలను తరచుగా వదిలేస్తుంది. బ్లాస్ట్, బ్లాట్ రెండూ కావలసింది ఇందుకే.

వచ్చిన ఫలితంలో శాతం కన్నా ముందు ముక్కల సంఖ్యను చూడండి. స్టాట్ జన్యువులకు దాదాపు ఇరవై లేదా అంతకు పైగా ఎక్సాన్లు (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు) ఉంటాయి. అసలు జన్యువు మీద ఎంఆర్‌ఎన్‌ఏను పరిస్తే అది అన్ని ముక్కలుగా, మధ్యలో ఇంట్రాన్ (ఎంఆర్‌ఎన్‌ఏలో తొలగిపోయే భాగం) ఖాళీలతో పరుచుకోవాలి. ఎక్కడైనా ఎంఆర్‌ఎన్‌ఏ మొత్తం ఒకే ముక్కగా, ఖాళీలు లేకుండా కూర్చుంటే అది ప్రాసెస్డ్ సూడోజీన్ అయ్యే అవకాశం ఎక్కువ. అంటే ఎప్పుడో ఒక ఎంఆర్‌ఎన్‌ఏ తిరిగి డీఎన్‌ఏగా మారి జీనోములో మరోచోట ఇరుక్కున్న నకలు. రాస్ జన్యువులపై పనిచేసేవారికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్య. కేరాస్ అసలు చోటు 12పీ12.1 కాగా, దాని ఇంట్రాన్లు లేని నకలు ఆరో క్రోమోజోముపై ఉంది. సీడీఎన్‌ఏ ప్రోబు (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన, జన్యువును వెతికే డీఎన్‌ఏ ముక్క) రెండు చోట్లా అతుక్కుంటుంది.

బేస్ సంఖ్యలు రాసుకునేటప్పుడు ఏ అసెంబ్లీలో (రిఫరెన్సు జీనోము ఏ కూర్పులో) చూశారో తప్పక రాయాలి. స్టాట్3 పాత జీఆర్‌సీహెచ్37లో పదిహేడో క్రోమోజోముపై 40.5 మెగాబేస్‌ల దగ్గర కనిపిస్తుంది. 2013లో విడుదలైన జీఆర్‌సీహెచ్38లో అదే జన్యువు 42.3 మెగాబేస్‌ల దగ్గర ఉంటుంది. జన్యువు కదలలేదు, దాని ముందున్న ఖాళీల కొలత మారింది. రెండు అసెంబ్లీల సంఖ్యలను ఒకే పట్టికలో కలిపితే, పక్కపక్కనే ఉన్న స్టాట్5ఏ, స్టాట్3ల మధ్య లేని దూరం పుట్టుకొస్తుంది. 2022లో వచ్చిన టీ2టీ అసెంబ్లీ అంతవరకూ చదవని దాదాపు 20 కోట్ల బేస్‌లను చేర్చింది. మీ జన్యువుకు మరో నకలు ఆ కొత్త భాగంలో దాగి ఉందేమో అందులో కూడా ఒకసారి వెతకడం నేటి పద్ధతి.

ప్రైమర్ల ఎంపిక

పీసీఆర్ అనే, డీఎన్‌ఏ నకళ్ళు తీసే పద్ధతిలో నకలు మొదలయ్యే చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క ప్రైమరు. నా దృష్టిలో ఈ పని మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. పరికరాలు ఎంత మంచివైనా, ప్రైమరు తోబుట్టువును కూడా పట్టుకునేదైతే ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లో ఒకరి ఉత్తరం మరొకరి ఇంటికి చేరినట్టే అవుతుంది. పైగా ఆ తప్పు జెల్ మీద అందమైన బ్యాండుగా కనిపిస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఎస్‌హెచ్2 వంటి, ప్రోటీన్‌కు కోడ్ చేసే భాగాల్లో ప్రైమర్లు పెట్టకూడదు. కుటుంబమంతటా నిలిచి ఉన్నవి అవే. ఎలుకలోనూ హ్యామ్‌స్టర్‌లోనూ కూడా అవి దాదాపు అలాగే ఉంటాయి. తరువాతి మెట్టులో వాడే హైబ్రిడ్ కణాల్లో (మానవ కణాన్ని ఎలుక లేదా హ్యామ్‌స్టర్ కణంతో కలిపి చేసినవి; వాటి వర్గాల సమూహమే పానెల్) మానవ క్రోమోజోముల పక్కన ఎలుకవో హ్యామ్‌స్టర్‌వో క్రోమోజోములు పూర్తిగా ఉంటాయి కాబట్టి, ఆ భాగంలో పెట్టిన ప్రైమరు ప్రతి నమూనాలోనూ బ్యాండు ఇచ్చి పానెల్ మొత్తాన్ని నిరర్థకం చేస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ చివర ఉండే, ప్రోటీన్‌గా మారని భాగం ఇందుకు తగిన చోటు. అది తోబుట్టువుల మధ్య, జాతుల మధ్య త్వరగా వేరుపడింది. సాధారణంగా అందులో ఇంట్రాన్లు ఉండవు కనుక 150 నుంచి 300 బేస్‌ల ఉత్పత్తి జీనోము డీఎన్‌ఏ నుంచి నేరుగా వస్తుంది.

స్టాట్5ఏ, స్టాట్5బీల విషయానికి వద్దాం. ఈ రెండు ప్రోటీన్లలో 90 శాతానికి పైగా అమైనో ఆమ్లాలు ఒకటే. తేడాలు ముఖ్యంగా చివరి భాగంలో ఉన్నాయి. రెండు ఎంఆర్‌ఎన్‌ఏలను కింద పైన పెట్టి అమర్చి చూస్తే, మధ్యలో వరుసలు పేజీల కొద్దీ ఒకేలా సాగి, స్టాప్ కోడాన్ దాటాక ఒక్కసారిగా విడిపోతాయి. ఆ విడిపోయిన చోటు తరువాతనే ప్రైమరును పెట్టాలి. ప్రైమరు మొదట్లో తేడాలు ఎన్ని ఉన్నా పెద్ద లాభం లేదు. టాక్ పాలిమరేజ్ పొడిగింపు మొదలుపెట్టేది ప్రైమరు 3 ప్రైమ్ కొస నుంచి కాబట్టి, ఆ కొసన చివరి మూడు బేస్‌లలో కనీసం రెండు తోబుట్టువుతో తేడాగా ఉండేలా చూసుకోవాలి. పూర్తిగా అతికే ఉష్ణోగ్రతను 55 నుంచి 65 డిగ్రీల మధ్య గ్రేడియెంట్ పెట్టి కనిపెట్టాలి. వీలైనంత పైస్థాయిలో పనిచేసే ఉష్ణోగ్రతను ఖరారు చేయాలి.

తరువాత ఆ ప్రైమరును పరీక్షకు పెట్టండి. మానవ డీఎన్‌ఏలో బ్యాండు రావాలి. ఎలుక డీఎన్‌ఏ, హ్యామ్‌స్టర్ డీఎన్‌ఏ, నీరు ఉన్న గొట్టాల్లో రాకూడదు. చివరి భాగంతో సహా తోబుట్టువు సీడీఎన్‌ఏ ఉన్న ప్లాస్మిడ్ దొరికితే దానితో కూడా రాకూడదు. ఆఖరుగా, మానవ డీఎన్‌ఏ నుంచి వచ్చిన ఉత్పత్తిని శాంగర్ పద్ధతిలో చదివించి, తోబుట్టువుల మధ్య తేడా ఉన్న ప్రతి బేస్ దగ్గరా ఏది వచ్చిందో కళ్ళతో చూసి నిర్ధారించుకోవాలి. జెల్ మీద పరిమాణం సరిపోయిందన్నంత మాత్రాన ఈ మెట్టును దాటవేయడానికి వీల్లేదు.

హైబ్రిడ్ పానెళ్ళతో క్రోమోజోమును తేల్చడం

మానవ కణాన్ని ఎలుక కణంతో కలిపితే, ఆ హైబ్రిడ్ కణం విభజన చెందుతున్నకొద్దీ మానవ క్రోమోజోములను ఒక్కొక్కటిగా వదిలేస్తుందని 1967లో వైస్, గ్రీన్ చూపించారు. ఏ కణవర్గంలో ఏ మానవ క్రోమోజోము మిగిలిందో తెలిసి ఉంటే, మీ ప్రైమరుకు బ్యాండు వచ్చిన వర్గాలన్నింటిలో ఉండి, రాని వర్గాలన్నింటిలో లేని క్రోమోజోమే మీ జన్యువుది. ఇప్పుడు ఒక్కో వర్గంలో ఒక్కో మానవ క్రోమోజోము ఉండే పానెళ్ళ డీఎన్‌ఏ తెప్పించుకోవచ్చు కనుక ఈ లెక్క సులువైంది. అయితే పేరుకు ఒక్క క్రోమోజోమే అని ఉన్నా, కొన్ని వర్గాల్లో వేరే క్రోమోజోముల ముక్కలు కూడా ఉంటాయి. పానెల్‌తో వచ్చే పత్రాన్ని ముందుగా చదవాలి. స్టాట్6 ప్రైమరుకు పన్నెండో క్రోమోజోము వర్గంతో పాటు మరో వర్గంలో కూడా బ్యాండు వస్తే, ఆ రెండో బ్యాండును కోసి చదివించండి. స్టాట్6 వరుసే వస్తే ఆ వర్గంలో పన్నెండో క్రోమోజోము ముక్క ఉందని, వేరే వరుస వస్తే ప్రైమరు దారి తప్పిందని తెలుస్తుంది.

పదిహేడో క్రోమోజోముపై పనిచేసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాత హైబ్రిడ్లలో చాలా వాటిని థైమిడిన్ కైనేజ్ లేని ఎలుక కణాలతో తయారుచేసి, హ్యాట్ మాధ్యమంలో ఎంపిక చేశారు. ఆ మాధ్యమంలో బతకాలంటే మానవ థైమిడిన్ కైనేజ్ జన్యువు కావాలి. అది 17క్యూ25 వద్ద ఉంది. కాబట్టి బతికిన కణాలన్నింటిలోనూ ఆ ప్రాంతం తప్పనిసరిగా మిగిలి ఉంటుంది. అన్ని గొట్టాల్లోనూ బ్యాండు వస్తే ప్రైమరు ఎలుక డీఎన్‌ఏను పట్టిందని వెంటనే అనుకోవద్దు. ఎలుక డీఎన్‌ఏ గొట్టం ఖాళీగా ఉంటే కారణం ఇదే కావచ్చు.

బ్యాండుకన్నా సన్నని చోటు కావాలంటే రేడియేషన్ హైబ్రిడ్లు ఉన్నాయి. మానవ క్రోమోజోములను ఎక్స్ కిరణాలతో ముక్కలు చేసి హ్యామ్‌స్టర్ కణాల్లోకి చేర్చిన వర్గాలివి. దగ్గరగా ఉన్న రెండు గుర్తులు ఒకే ముక్కలో కలిసి మిగిలే అవకాశం ఎక్కువ. జీన్‌బ్రిడ్జ్4 పానెల్‌లో ఇటువంటి వర్గాలు 93, స్టాన్‌ఫర్డ్ జీ3లో 83. రెండోదానిలో కిరణాల మోతాదు ఎక్కువ, ముక్కలు చిన్నవి, కనుక వివరం ఎక్కువ. ప్రతి వర్గాన్నీ రెండుసార్లు పరీక్షించి, రెండుసార్లూ ఒకే ఫలితం వస్తేనే ఉందనో లేదనో రాయాలి. తేడా వస్తే అనుమానమనే రాయాలి తప్ప ఊహించి పూరించకూడదు.

ఫిష్, విశాఖ గాలిలోని తేమ

క్రోమోజోముపై చోటును కళ్ళతో చూపించేది ఫిష్, అంటే వెలిగే రంగు తగిలించిన ప్రోబును క్రోమోజోములకు అతికించి చూసే పద్ధతి. రక్తదాత రాతపూర్వక అంగీకారం, సంస్థ నైతిక సంఘం అనుమతి లేకుండా నమూనా తీసుకోకూడదు. 2017లో ఐసీఎంఆర్ వెలువరించిన నైతిక మార్గదర్శకాలు దీన్ని స్పష్టంగా చెబుతున్నాయి. హెపారిన్ కలిపిన రక్తాన్ని పీహెచ్‌ఏతో (కణాలను విభజనకు పురికొల్పే పదార్థం) 72 గంటలు పెంచి, కోల్సిమిడ్‌తో విభజనను ఆపి, 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో కణాలను ఉబ్బించి, మూడు పాళ్ళు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో స్థిరపరచడం అందరికీ తెలిసిన పద్ధతే.

అందరూ తేలిగ్గా తీసుకునేది స్లైడుపై చుక్క వేయడం. ఆ చుక్క ఎంత వేగంగా ఆరుతుందన్న దానిపైనే క్రోమోజోములు ఎంత పరుచుకుంటాయన్నది ఆధారపడుతుంది. గదిలో 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం చుట్టూ తేమ ఉంటే చాలావరకు మంచి స్లైడ్లు వస్తాయి. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది. కిటికీలు తెరిచిన గదిలో చుక్క వేస్తే అది నెమ్మదిగా ఆరుతుంది, క్రోమోజోములు మరీ దూరంగా చెదిరి, ఒక కణానివి పక్క కణంలో కలిసిపోతాయి. 46 లెక్కపెట్టడమే కష్టమవుతుంది. దానికి విరుద్ధంగా, ఏసీ గంటల తరబడి నడిచిన పొడి గదిలో చుక్క చటుక్కున ఆరిపోయి, క్రోమోజోములు ఒకదానిపై ఒకటి పడి, చుట్టూ సైటోప్లాజం పొరగా మిగిలిపోతుంది. ఆ పొర ప్రోబును లోపలికి పోనివ్వదు. కాబట్టి గదిలో తేమ కొలిచే మీటరును పెట్టుకోండి. తేమ ఎక్కువైతే స్లైడును గోరువెచ్చని ప్లేటుపై ఆరబెట్టండి, తక్కువైతే చుక్క వేసిన వెంటనే వాటర్ బాత్ ఆవిరిపై ఒక్క క్షణం పట్టండి. మొదటి స్లైడును ఫేజ్ కాంట్రాస్ట్ కింద చూసి సవరించుకున్నాకే మిగిలినవి వేయండి. స్థిరపరచిన కణాలను మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పంచి ఉంచడం కూడా ఈ ఊరికి తగిన జాగ్రత్త. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు.

ప్రోబుగా సీడీఎన్‌ఏను వాడితే అది రెండు మూడు కిలోబేస్‌లే కనుక సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, పైగా తోబుట్టువులకూ అంటుకుంటుంది. 150 నుంచి 200 కిలోబేస్‌ల మానవ డీఎన్‌ఏ ఉన్న బ్యాక్ క్లోన్ (పెద్ద డీఎన్‌ఏ ముక్కను బాక్టీరియాలో మోసే కృత్రిమ క్రోమోజోము) మేలు. అందులో ఇంట్రాన్లు, చుట్టుపక్కల డీఎన్‌ఏ ఎక్కువగా ఉండి, అవి ఆ చోటుకే ప్రత్యేకం కావడం వల్ల పోలిక సమస్య చాలావరకు తీరుతుంది. పునరావృత వరుసలను అణచడానికి కాట్1 డీఎన్‌ఏ కలపాలి. అయితే బ్యాక్ ఇచ్చే సిగ్నల్ బ్యాక్‌దే కానీ జన్యువుది కాదు. మీరు తయారుచేసిన ప్రత్యేక ప్రైమర్లతో ఆ క్లోన్‌లో మీ జన్యువు ఉందని, తోబుట్టువు లేదని పీసీఆర్ చేసి చూడాలి. కనీసం ఇరవై మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో ఆగిన కణాల క్రోమోజోములు) పరిశీలించి, జతలోని రెండు క్రోమోజోముల రెండు క్రోమాటిడ్‌లపైనా చుక్కలు ఎన్నింటిలో వచ్చాయో లెక్క రాయాలి. వేరే చోట పదేపదే మసకగా కనిపించే చుక్కను కూడా వదలకుండా రాయండి. తోబుట్టువు చోటు బయటపడేది తరచుగా అలాగే.

ఫిష్ ఎంత దూరం చూడగలదో కూడా తెలిసి ఉండాలి. స్టాట్2, స్టాట్6ల మధ్య ఏడు లక్షల బేస్‌లకు పైగా దూరం ఉంది. మెటాఫేజ్ క్రోమోజోము మీద ఆ రెండు ప్రోబులు ఒకే చుక్కగా కలిసిపోతాయి, ఇంటర్‌ఫేజ్ (విభజనలో లేని) కేంద్రకంలో రెండు రంగులతో చూస్తే విడిగా కనిపిస్తాయి. పదిహేడో క్రోమోజోముపై సెంట్రోమియర్ వైపు నుంచి స్టాట్5బీ, స్టాట్5ఏ, స్టాట్3 అన్న వరుసలో మూడూ కలిపి రెండు లక్షల బేస్‌లలోపే ఇమిడి ఉన్నాయి. ఒక్క బ్యాక్ మూడింటి ముక్కలనూ మోయగలదు. అక్కడ మెటాఫేజ్ ఫిష్ బ్యాండును చెప్పగలదు, వరుసను చెప్పలేదు. వరుస కావాలంటే ఫైబర్ ఫిష్ (సాగదీసిన డీఎన్‌ఏ పోగులపై చేసే ఫిష్) చేయాలి, లేదా జీనోము వరుసను చూపాలి.

ఎలుకతో పోల్చి రాయడం

చోట్లన్నీ తేలాక ఎలుక జీనోముతో పోల్చండి. ఎలుకలో స్టాట్1, స్టాట్4 ఒకటో క్రోమోజోముపై, స్టాట్2, స్టాట్6 పదో క్రోమోజోముపై, మిగిలిన మూడూ పదకొండో క్రోమోజోముపై ఉన్నాయి. మనుషుల్లో కలిసి ఉన్నవి అక్కడా కలిసే ఉన్నాయి. ఒక పాత జన్యువు పక్కపక్కనే రెట్టింపై, ఆ జంట ఉన్న ముక్క మళ్ళీ రెట్టింపై వేర్వేరు క్రోమోజోములకు చేరిందని, అదంతా మనిషి, ఎలుక విడిపోవడానికి ముందే జరిగిందని అర్థం చేసుకోవడానికి ఇది గట్టి ఆధారం. మీ ఫలితాల్లో ఒక సభ్యుడి చోటు ఈ పోలికకు అడ్డం తిరిగితే, కొత్త సంగతి దొరికిందని సంబరపడే ముందు ఆ ప్రైమరు ఉత్పత్తిని మళ్ళీ చదివించండి.

నివేదికలో ప్రతి జన్యువుకూ ఆమోదిత పేరు, క్రోమోజోము, భుజం, బ్యాండు, అసెంబ్లీ పేరుతో సహా బేస్ సంఖ్యలు, ప్రైమర్ల వరుసలు, బ్యాక్ క్లోన్ సంఖ్య, పరిశీలించిన మెటాఫేజ్‌ల లెక్క ఉండాలి. ఏ వివరం ఏ పద్ధతి నుంచి వచ్చిందో కూడా పక్కనే రాయాలి. స్టాట్5ఏకు 17క్యూ21.2 అని, క్రోమోజోము పానెల్ నుంచి, బ్యాండు ఫిష్ నుంచి, స్టాట్5బీ పక్కన దాని స్థానం జీనోము వరుస నుంచి అని మూడు ముక్కల్లో రాస్తే, తరువాత అదే చోట పనిచేసేవారు ఏ భాగాన్ని తిరిగి పరీక్షించాలో వెంటనే చూసుకోగలరు.